వ్రాయసకాని తప్పు

పదవీవిరమణ చేసిన తెలుగు పండితునికి లోకం అప్పగించే పనులు రెండు. ఒకటి, పెండ్లి శుభలేఖలలో అచ్చుతప్పులు చూడడం. రెండవది, ఎవరో వ్రాసిన పుస్తకానికి "కాస్త భాష దిద్దిపెట్టడం". మొన్న సంక్రాంతికి నా వద్దకు వచ్చినది రెండవ కోవకు చెందిన పని. అటువంటివి ఇదివరలో చాలా చేసాను. ఇది మాత్రం మూడు వారాలపాటు నన్ను నిద్రపోనివ్వలేదు.

తెచ్చినవాడు నా పూర్వ విద్యార్థి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నా దగ్గర పదవ తరగతి వరకు చదివాడు. ఇప్పుడు ఒక చిన్న క్రైస్తవ సంఘానికి పాస్టరు. ఆంగ్ల పుస్తకాల ఆధారంగా సృష్టివాదాన్ని సమర్థిస్తూ, జీవపరిణామ సిద్ధాంతాన్ని ఖండిస్తూ నూటపది పుటలు తెలుగులో వ్రాసి, చక్కగా కుట్టించి తెచ్చాడు.

"మాస్టారూ, మీ అభిప్రాయాలు నాకు తెలుసు. విషయం జోలికి మీరు వెళ్ళనక్కరలేదు. భాష మాత్రం చూసి పెట్టండి. మీ చేతిమీదుగా వెళితే నాకు ధైర్యం" అన్నాడు.

నేను నాస్తికుడనని మా ఊరిలో తెలియనివారు లేరు. ప్రబంధాలు చదివి, పురాణాలు బోధించి బ్రతికినవాడు నాస్తికుడేమిటని నవ్వినవారూ ఉన్నారు. యౌవనంలో విజయవాడ నాస్తిక కేంద్రానికి వెళ్ళి వస్తుండేవాడిని. దానిని 1940లో ముదునూరులో నెలకొల్పిన గోరా గారు వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. కనుక ఈ పుస్తకం నా చేతిలో పెట్టడం ఒక విధంగా పిల్లికి పాలకుండ అప్పగించడమే. అయినా కాదనలేకపోయాను. కారణం చెప్పాలి.

2019లో నా భార్య పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది. పిల్లలు దూరదేశాల నుండి వచ్చేలోపల నాకు తోడుగా వరండాలో బల్లమీద పడుకున్నవాడు ఇతడే. మందులకు పరుగెత్తాడు, రక్తం ఇచ్చాడు. ఒకనాటి రాత్రి చాలా సంకోచిస్తూ, "మాస్టారూ, అమ్మగారి కోసం ప్రార్థన చేసుకోవచ్చా?" అని అడిగాడు. నేను తటపటాయిస్తుంటే, జీవితాంతం వేంకటేశ్వరుని కొలిచిన ఆ ఇల్లాలు, "చేయనివ్వండి. ప్రేమతో అడుగుతున్నాడు" అంది. చేసాడు. ఆమె దక్కలేదు. ఆ ఋణం మాత్రం నాకు మిగిలింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అతని పూర్వులది ఒంగోలు ప్రాంతం. ధాత కరువు నాడు, అంటే 1876-78 నడుమ, జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో చచ్చిపోతున్న వేలమందికి కూలి చూపించాడు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు నిలిపివేసి, ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మందికి ఇప్పించాడు. వారిలో అత్యధికులు గుడి మెట్టు, బడి గడప ఎన్నడూ ఎక్కనివ్వబడనివారు. అటువంటి వారికి అక్షరం ఇచ్చిన మతాన్ని, అక్షరాన్ని తరతరాలుగా దాచుకున్న కులంలో పుట్టిన నేను ఎగతాళి చేయడం తగదు. ఆనాడు గుండ్లకమ్మ ఒడ్డున బారులు తీరిన ఆ జనానికి డార్విను ఎవరో తెలియదు. వారి విశ్వాసానికి పరిణామవాద ఖండనతో పని లేకపోయింది. మరి వారి మునిమనుమనికి ఆ అవసరం ఎందుకు కలిగిందన్నదే నా విచారం.

వ్రాతప్రతి చదివాను. భాష నిజానికి బాగానే ఉంది. శకటరేఫలు, ళకారాలు కొన్నిచోట్ల తడబడ్డాయి. ఎర్రసిరాతో దిద్దాను. కాని పుట పుటకూ నన్ను ఆపినవి అక్షరదోషాలు కావు. తెలుగులో నిర్దుష్టమైన వాక్యం, విషయంలో శుద్ధ అసత్యం. భాష దిద్ది ఊరుకుంటే అబద్ధానికి నగలు పెట్టి పంపినట్లే. దిద్దనని తిప్పి పంపితే ఆ ఆసుపత్రి వరండా గుర్తుకు వస్తుంది. ఆఖరికి పెన్సిలు తీసుకున్నాను. ఎర్రసిరా భాషకు, పెన్సిలు విషయానికి. పెన్సిలు వ్రాతను చెరిపివేసుకునే స్వేచ్ఛ అతనిదే.

మొదటి పెన్సిలు గీత పడినది "డార్విన్ పశ్చాత్తాపం" అన్న అధ్యాయం మీద. మరణశయ్యపై డార్విను తన సిద్ధాంతానికి చింతించి క్రీస్తును ఆశ్రయించాడట. ఈ కథ 1915లో బోస్టనులోని ఒక బాప్టిస్టు పత్రికలో లేడీ హోప్ అనే ఆమె పేరిట వెలువడింది. డార్విను చనిపోయినది 1882 ఏప్రిల్ 19న. ముప్పైమూడేళ్ళు ఈ సంగతి ఎవరికీ తెలియకపోవడం వింత. తండ్రి మరణశయ్య పక్కనే ఉన్న కుమార్తె హెన్రియెట్టా 1922లో ఇది పూర్తిగా కల్పన అని బహిరంగంగా ప్రకటించింది. సృష్టివాదాన్నే ప్రచారం చేసే ఆన్సర్స్ ఇన్ జెనిసిస్ సంస్థ కూడా ఈ వాదం వాడవద్దని తనవారికి సలహా ఇచ్చింది. అయినా మన ఊళ్ళలో కరపత్రాలలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకవేళ నిజమే అయినా ఏమి తేలుతుంది? చివరి క్షణంలో న్యూటను గురుత్వాకర్షణ లేదన్నాడనుకోండి, మామిడికాయ చెట్టునే వ్రేలాడుతుందా?

తరువాతది గడియారం. దారిలో గడియారం కనిపిస్తే దానిని చేసినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది కదా, అంతకంటె జటిలమైన కంటిని చేసినవాడు ఉండడా అని. 1802లో విలియం పేలీ వ్రాసిన వాదం ఇది. న్యాయశాస్త్రం చదివిన వారికి కొత్త కాదు. కుండ ఉంది గనుక కుమ్మరి ఉన్నాడు, జగత్తు కార్యం గనుక కర్త ఉన్నాడు అని ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈశ్వరుని సాధించబూనాడు. అతనికంటె ముందే కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త వాదాన్ని తుత్తునియలు చేసి ఉన్నాడు. ఆ కుమారిలుడు నాస్తికుడు కాడు, వేదప్రామాణ్యం కోసం ప్రాణం పెట్టిన మీమాంసకుడు! కుమ్మరికి శరీరముంది, మట్టి బయటినుండి తెచ్చుకుంటాడు, ఒక్కొక్క కుండను ఒక్కొక్క కుమ్మరి చేస్తాడు. దృష్టాంతాన్ని చివరిదాకా అంగీకరిస్తే సిద్ధించేది ఏకైకుడైన, అశరీరుడైన, శూన్యం నుండి సృష్టించే దేవుడు కాడు. పైగా కుండలు పిల్లలను కనవు. పిల్లలను కనేవాటికి, ప్రతి కాన్పులోనూ కొద్దికొద్దిగా భేదించేవాటికి కుండ దృష్టాంతం చెల్లదని పెన్సిలుతో వ్రాసాను.

భూమి వయస్సు ఆరువేల సంవత్సరాలని ఒక అధ్యాయం. 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిలు వంశావళులను కూడి, సృష్టి క్రీస్తు పూర్వం 4004లో జరిగిందని లెక్క తేల్చాడు. ఆనాటికి అది పాండిత్యమే, తప్పు పట్టను. కాని 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కాశకలాలలోని సీసాన్ని కొలిచి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని చెప్పాడు. నేటి అంచనా కూడా దాదాపు అంతే. మా వాడు ఇక్కడ రేడియో కార్బన్ పద్ధతి నమ్మదగినది కాదని నాలుగు పుటలు వ్రాసాడు. కార్బన్ 14 అర్ధాయువు 5,730 సంవత్సరాలు. దానితో సుమారు యాభైవేల ఏళ్ళకు మించి కొలవలేమని శాస్త్రజ్ఞులే చెబుతారు. కోట్ల ఏళ్ళనాటి రాళ్ళకు దానిని వాడరు. అక్కడ పనికివచ్చేది యురేనియం వంటి పదార్థాల లెక్క. యురేనియం 238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్ళు. కంసాలి త్రాసులో బస్తా ధాన్యం తూగలేదని తూకమే అబద్ధమనరాదు గదా.

ఇంత దూరం పోనక్కరలేదు. మన కడప జిల్లాలో వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్ళలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. అవి ప్రాచీన సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన నిర్మాణాలు. వాటి వయస్సు నూట ఎనభై కోట్ల ఏళ్ళకు పైమాటే. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసారు అస్థిపంజరం తెలంగాణలోని యామన్‌పల్లి నేలలోనిది. అతడు తన సంఘంలోని పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళి ఆ అస్థిపంజరం ముందు ఫోటో తీయించుకున్నాడు. నాకు పంపాడు కూడా. ఆ ఫోటో సంగతి పెన్సిలుతో గుర్తుచేసాను.

ఇక అసలు విషయం. ఇది పండితునిగా నాకు బాగా తెలిసిన విషయం కనుక కొంచెం విస్తరిస్తాను.

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు ప్రతుల బంధుత్వాన్ని ఎలా తెలుసుకుంటారు? మతాధికారి కుమారుడైన బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి వేమన పద్యాలకు, ప్రబంధాలకు ఎన్నెన్నో ప్రతులను సరిపోల్చజేసాడు. రెండు ప్రతులలో ఒకే మంచి పాఠం ఉంటే దానివలన బంధుత్వం తేలదు. కవి వ్రాసినదే ఇద్దరూ వ్రాసి ఉండవచ్చు. రెండింటిలోనూ ఒకేచోట ఒకే తప్పు ఉంటే మాత్రం, రెండూ ఒకే తప్పుల మాతృకనుండి దిగినవని నిశ్చయించవచ్చు. ఒప్పులు ఎవరికైనా కలుస్తాయి. అర్థం లేని తప్పు ఇద్దరికి విడివిడిగా ఒకే తీరున తోచదు.

ఇది ప్రతి ఉపాధ్యాయునికీ తెలిసిన రహస్యమే. ఒక అర్ధసంవత్సర పరీక్షలో ముగ్గురు పిల్లలు ఎర్రాప్రగడ పేరును "ఎర్రాపగ్రడ" అని వ్రాసారు. వరుస బల్లలవాళ్ళు. నాకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. ఆ ముగ్గురిలో మన పాస్టరు ఒకడు.

ఇప్పుడు శరీరం అనే ప్రతిని చూడండి. క్షీరదాలలో అత్యధికం విటమిన్ సి ని తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేము. అందుకే నిమ్మకాయ, ఉసిరికాయ తినాలి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన జన్యువు మనలో లేక కాదు. ఉంది, కాని చెడిపోయి ఉంది. పుటలు చిరిగి, అక్షరాలు ఎగిరిపోయిన తాటాకులా పడి ఉంది. చింపాంజీలో, గొరిల్లాలో, కోతులలో కూడా ఆ జన్యువు చెడిపోయే ఉంది. మనకు దగ్గరివాటిలో పోలిన దోషాలు పోలిన చోట్లనే కనిపిస్తాయి. గినీ పంది కూడా విటమిన్ సి చేసుకోలేదు, కాని దానిలో ఆ జన్యువు వేరే తీరున చెడింది. అంటే అది వేరే బల్లమీద కూర్చుని వేరే తప్పు వ్రాసిన పిల్లవాడు!

సృష్టికర్త ఒక్కడే గనుక పోలికలు ఉంటాయని మా వాడు వ్రాసాడు. పనిచేసే భాగాలకు ఆ సమాధానం కొంత చెల్లవచ్చు. ఒకే వడ్రంగి చేసిన కుర్చీలు ఒకేలా ఉంటాయి. విరిగిన కోడును కూడా అన్ని కుర్చీలలోనూ ఒకేచోట విరిచి ఎందుకు అమర్చాడు? మనకు క్రోమోజోములు 23 జతలు, చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్‌లకు 24 జతలు. మన రెండవ క్రోమోజోము నడుమ, సాధారణంగా కొసలలో మాత్రమే ఉండవలసిన అక్షరవరుస కనిపిస్తుందని 1991లో కనుగొన్నారు. రెండు తాటాకులను చివర చివర కలిపి కుట్టితే, సూది గుర్తు నడుమ మిగిలినట్లు.

వ్రాయసకాని తప్పు ఎంత నమ్మకమైన సాక్షియో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ ఉంది. పెన్సిలు అరిగిపోయేవరకు వ్రాసినది దాని గురించే. అమెరికాలో పెన్సిల్వేనియాలోని డోవర్ అనే ఊరి పాఠశాలల బోర్డు 2004లో, తొమ్మిదవ తరగతి పిల్లలకు పరిణామంతోపాటు "ఇంటెలిజెంట్ డిజైన్" అనే వాదం కూడా ఉన్నదని చదివి వినిపించాలని నిర్ణయించింది. పదకొండుమంది తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. ఇది సృష్టివాదం కాదు, కొత్త శాస్త్రమని బోర్డు పక్షం వాదించింది. వారు సిఫారసు చేసిన పుస్తకం పాత చిత్తుప్రతులను బార్బరా ఫారెస్ట్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యురాలు పుట పుటా పరిశీలించింది. 1987లో అమెరికా సుప్రీం కోర్టు బడులలో సృష్టివాద బోధన కూడదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుకు ముందరి చిత్తులో "క్రియేషనిస్ట్స్" అని ఉన్నచోట తర్వాతి చిత్తులో "డిజైన్ ప్రొపొనెంట్స్" అని మారింది. ఒక్కచోట మార్చినవాడి చేయి జారింది. పాత మాట తల, తోక మిగిలిపోయి, నడుమ కొత్త మాట దూరి, "సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్" అన్న వికృతరూపం పుట్టింది. రెండు జాతులకు నడిమి రూపం చూపించండి అని అడిగేవారి పుస్తకంలోనే నడిమి రూపం దొరికింది! 2005 డిసెంబరు 20న న్యాయమూర్తి జాన్ జోన్స్ 139 పుటల తీర్పులో అది శాస్త్రం కాదు, సృష్టివాదానికే వేరొక పేరని తేల్చాడు. ఆయనను నియమించినది అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ బుష్. శాస్త్రం పక్షాన సాక్ష్యమిచ్చిన కెన్నెత్ మిల్లర్ నిష్ఠగల కథోలికుడు.

మూడు వారాల తర్వాత మా వాడు వచ్చాడు. వరండాలో కూర్చుని పెన్సిలు వ్రాత అంతా చదివాడు. డార్విను పశ్చాత్తాపం దగ్గర ఆగి, "అబద్ధమైతే ఇది నా ప్రభువుకు అక్కరలేదు మాస్టారూ" అని అక్కడికక్కడే ఆ అధ్యాయం కొట్టివేసాడు. ఆ మాటకు అతనిమీద నాకు గౌరవం ఇబ్బడి అయింది. ఎర్రాపగ్రడ దగ్గర నవ్వాడు. విటమిన్ సి దగ్గర చాలాసేపు మౌనంగా ఉండి, "దీనికి నేను ఆలోచించాలి" అన్నాడు.

"నాయనా, ఒకటి సూటిగా చెబుతున్నాను. జీవపరిణామం నిజమైనంత మాత్రాన దేవుడు లేడని తేలదు. 1996లో పోపు జాన్ పాల్ కూడా పరిణామం ఊహామాత్రం కాదని ఒప్పుకున్నాడు. నేను దేవుని నమ్మకపోవడానికి కారణాలు వేరు. నీవు నమ్మడానికి కారణాలూ వేరే అయి ఉంటాయి. ఈ అబద్ధాల మీద నీ నమ్మకాన్ని నిలబెట్టవద్దు. నీ సంఘంలో రేపు ఒక పిల్ల వైద్యం చదువుతుంది. అక్కడ నిజం తెలుస్తుంది. నీవు చెప్పినవాటిలో ఇది అబద్ధమని తెలిసిననాడు మిగిలినవి కూడా నమ్మదు. ఆ నష్టం నాది కాదు, నీది" అన్నాను.

అతడు కొంతసేపటికి తలయెత్తి, "అదంతా సరే మాస్టారూ. అమ్మగారిని మళ్ళీ చూడాలని మీకు లేదా?" అన్నాడు.

వాదంలో ఎవరూ నన్ను అంత మెత్తగా, అంత లోతుగా తాకలేదు. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"ఉంది. ప్రతిరోజూ ఉంది. కాని కోరిక ప్రమాణం కాదు. ఆమె ఎక్కడో ఉన్నదని నమ్మితే నాకు తేలికగా ఉంటుంది. తేలికగా ఉంటుందనే కారణంచేతనే దానిని నమ్మడానికి భయపడుతున్నాను" అన్నాను. అతడు మళ్ళీ ఏమీ అనలేదు. వెళ్ళేముందు ఆమె ఫోటో దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాడు.

ఇదంతా ఒక్క క్రైస్తవులను గురించి అని ఎవరైనా చంకలు కొట్టుకుంటే వారికొక మాట. 2018లో మన కేంద్రమంత్రి ఒకరు, కోతి మనిషి కావడం మన పూర్వులెవరూ చూడలేదు గనుక డార్విను సిద్ధాంతం తప్పని సెలవిచ్చారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు ఆ మాటను ఖండించవలసి వచ్చింది. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అన్న పాఠం పేరులోనూ వస్తువులోనూ పరిణామం ఎగిరిపోయింది. పద్దెనిమిది వందలమందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు అభ్యంతరం తెలుపుతూ లేఖ వ్రాసారు. మా వాడు కనీసం తన పుస్తకంలోని అబద్ధాన్ని తన చేతితో కొట్టివేసాడు.

వేసవిలో పుస్తకం అచ్చయి వచ్చింది. డార్విను కథ లేదు. కార్బన్ అధ్యాయం నాలుగు పుటల నుండి ఒక పుటకు తగ్గింది. ఆరువేల ఏళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. గడియారం కూడా ఉంది. విటమిన్ సి కి సమాధానం లేదు. నా పేరు వేయవద్దన్నాను గనుక పీఠికలో "భాషాదోషాలు సవరించిన మా గురువుగారికి" అని మాత్రం కృతజ్ఞత చెప్పి, మిగిలిన దోషాలన్నీ తనవేనని వ్రాసాడు.

అన్నీ అతనివి కావు. ముప్పైరెండవ పుటలో "ఆవిర్భావం" అన్న మాట "ఆవిర్బావం" అని పడింది. అతని వ్రాతప్రతిలో అక్కడ "పుట్టుక" అని ఉండేది. దానిని కొట్టివేసి పైన ఎర్రసిరాతో కొత్త మాట వ్రాసినది నేను. ఒత్తు మరచినదీ నేనే. ఆ పుస్తకం నా చేతిమీదుగా వెళ్ళిందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఫోను చేసి చెప్పాను. రెండవ ముద్రణలో సవరిస్తానన్నాడు. విటమిన్ సి సంగతి ఏమయిందని అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నానన్నాడు. దసరా సెలవులలో వస్తానన్నాడు. పెన్సిళ్ళు చెక్కి పెట్టుకున్నాను.